నల్లమల అంచున పన్నెండు నెలలు

నీడ లేని మధ్యాహ్నం

ఏటా మే 3 ప్రాంతంలో ఒక మధ్యాహ్నం, పన్నెండు దాటి పది నిమిషాలయ్యే వేళకు, మార్కాపురంలో నిలువుగా పాతిన గుంజకు నీడ పడదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆగస్టు 9, 10 తేదీల్లో మళ్లీ ఇదే జరుగుతుంది. గిద్దలూరు కాస్త దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ మేలో ఒకటి రెండు రోజులు ముందు, ఆగస్టులో ఒకటి రెండు రోజులు వెనక. భూమధ్యరేఖకూ కర్కటరేఖకూ మధ్యనున్న ప్రతి ఊరికీ ఏటా రెండుసార్లు దక్కే వేడుక ఇది. చూడ్డానికి చదునైన అరుగు, దాని మీద బోర్లించిన గ్లాసు చాలు. మేలో బడికి సెలవులు, ఆగస్టులో మబ్బులు కావడంతో చాలామంది పిల్లలు దీన్ని చూడకుండానే పెద్దవాళ్లయిపోతున్నారు. వచ్చే మేలో మీ ఇంటి పిల్లల్ని తప్పకుండా అరుగు మీదికి పిలవండి.

ఇందుకు పూర్తి భిన్నంగా, నార్వేలోని ట్రోమ్సో పట్టణంలో నవంబరు చివర్లో అస్తమించిన సూర్యుడు జనవరి మధ్యలో గాని తిరిగి కనిపించడు. అక్కడి కుటుంబాలకు ఏడాదిని పంచిపెట్టేవి వెలుగూ చీకటీ. మార్కాపురంలో అన్నిటికన్నా పొడుగు పగలు దాదాపు 13 గంటలు, అన్నిటికన్నా పొట్టి పగలు 11 గంటల పైచిలుకు. తేడా రెండు గంటలైనా లేదు. మార్కాపురం, గిద్దలూరు ఉన్న పశ్చిమ ప్రకాశంలో ఏడాదిని పంచిపెట్టేవి ఎండ, నీళ్లు. 'కరువు ప్రాంతం' అని ఒక్క మాటతో దాటేసే ఈ నేల మీద ఆ రెండింటి చుట్టూ ఎంత బతుకు, ఎంత తెలివి అల్లుకుని ఉన్నాయో చెప్పాలన్నదే ఈ విశేషాల ఉద్దేశం.

కార్తె తప్పదు

ఉగాది, వినాయకచవితి ఇంగ్లీషు తేదీల్లో ముందుకూ వెనక్కూ జరుగుతుంటాయి. కార్తెలు జరగవు. రోహిణి ఏటా మే 25 ప్రాంతంలోనే వస్తుంది, మృగశిర జూన్ 8న, ఆరుద్ర జూన్ 22న. కారణం ఏమిటంటే పండుగలు చంద్రుణ్ని చూసి వస్తాయి, కార్తెలు సూర్యుణ్ని చూసి వస్తాయి. సూర్యుడు 27 నక్షత్రాల్లో ఒక్కోదాంట్లో పదమూడు, పద్నాలుగు రోజులుంటాడు. ఆ గడువే కార్తె. అయితే భూమి అక్షం మెల్లగా తిరుగుతూండడం వల్ల సుమారు డెబ్బై ఏళ్లకు ఒక రోజు చొప్పున కార్తె కూడా వెనక్కు జారుతుంది. మనిషి ఆయుష్షులో ఒక్క రోజు తేడా. సేద్యానికి ఇంతకన్నా నమ్మకమైన క్యాలెండరు ఇంకేముంటుంది?

రోహిణిలో రోళ్లు పగులుతాయని సామెత. ఆ రెండు వారాల్లో ఇక్కడ 45 డిగ్రీలు తాకిన రోజులున్నాయి. ఇళ్లలో మాత్రం ఆ ఎండను ఊరికే పోనివ్వరు. గోరుచిక్కుడు, వంకాయ, మామిడికాయ, బుడమకాయ ముక్కలు కోసి వరుగులు పెడతారు. మిద్దె మీద వడియాలు, మంచం మీద మిరపకాయలు. వానాకాలంలో చేలపని ముమ్మరంగా ఉండి, కూరగాయల కోసం సంతకు పోయే తీరిక లేని రోజున ఆ వరుగుల డబ్బానే ఇల్లు గడుపుతుంది.

విరాటపర్వం చదివితే వాన

మృగశిర వచ్చినా మబ్బు పట్టకపోతే? పిల్లలు కప్పను రోకలికి కట్టి, వేపాకు చుట్టి, ఇల్లిల్లూ తిరుగుతారు. గడపలోకి వచ్చిన కప్పతల్లి మీద ఇంటి ఇల్లాలు చెంబెడు నీళ్లు పోస్తుంది, పిల్లల జోలెలో చేరెడు గింజలు వేస్తుంది. పెద్దలు గుడిలోనో చావిట్లోనో కూర్చుని భారతంలోని విరాటపర్వం చదివిస్తారు. వాన కోసం విరాటపర్వం చదివించే ఆచారం తెలుగునాట చాలా చోట్ల ఉంది.

కప్పనే ఎందుకు ఎంచుకున్నారో చేలో పనిచేసేవాళ్లకు వివరించనక్కర్లేదు. మెట్టనేలల్లో బతికే కొన్ని జాతుల కప్పలు వెనక కాళ్లతో మట్టి తవ్వుకుని నెలల తరబడి లోపలే ఉండిపోతాయి. తొలి పెద్దవాన నేలలోకి దిగగానే ఒక్క రాత్రిలో అన్నీ పైకొచ్చి అరుస్తాయి. నిన్నటిదాకా నెర్రెలిచ్చిన చేలో ఇన్ని కప్పలు ఎక్కణ్నుంచి వచ్చాయని పిల్లలు అడుగుతారు. పాదాల కిందే ఉన్నాయి.

ఎర్ర ముఖమలు

ఎర్ర ముఖమలు ముక్కలా ఉండే ఆరుద్ర పురుగు వానచుక్కతో పాటు ఆకాశం నుంచి రాలుతుందని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. నిజానికి అది పురుగు కూడా కాదు, సాలీడు వంశానికి దగ్గరి చుట్టం. ఎనిమిది కాళ్లు లెక్కపెట్టవచ్చు. ఏడాదిలో దాదాపు అంతా నేలలోనే గడిపి, తొలకరి తర్వాత కొద్ది గంటలపాటు తిండికీ జతకూ బయటికొస్తుంది. దానికి ఆ సమయంలో దొరికే విందు చెదలు. చెదలూ అదే వానకు రెక్కలు కట్టుకుని లేస్తాయి కదా. అవే ఉసుళ్లు. ఈసుళ్లని కూడా అంటారు. సాయంత్రం పుట్ట దగ్గర దీపం పెట్టి, వాటిని పట్టి, రెక్కలు చెరిగి, వేయించి, బొరుగుల్లో కలుపుకుని తినే ఇళ్లు రాయలసీమలోనూ నల్లమల అంచు పల్లెల్లోనూ ఉన్నాయి. మాంసం కొనలేని రోజుల్లో అవి పిల్లలకు మంచి బలం.

కంభం పేరు మీద ఒక రాతిపొర

బడులు తెరిచేది జూన్‌లోనే కాబట్టి పలక సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. తెలుగు దేశంలో చాలా తరాలు అఆలు దిద్దింది మార్కాపురం నేలలోంచి తీసిన రాతి మీద. ఆ రాయి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న మెత్తని బురద. వంద కోట్ల ఏళ్లకు పైబడిన కాలంలో నేల ఒత్తిడికి, వేడికి ఆ బురదలోని ఖనిజాలన్నీ ఒకే దిక్కుకు సర్దుకున్నాయి. అందుకే ఉలి పెట్టి తడితే అది అడ్డదిడ్డంగా పగలదు, రేకులు రేకులుగా విడుతుంది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాతిపొరల వరసకు పెట్టిన పేరు 'కంభం ఫార్మేషన్'. చెరువు ఉన్న చిన్న ఊరు కంభం పేరు ప్రపంచ భూగర్భ గ్రంథాల్లో అలా నిలిచిపోయింది.

రేకును సైజుకు కోసి, అంచులు చెక్కి, నునుపు చేసి, చెక్క చట్రం బిగిస్తే పలక. నలుపు తగ్గితే పిల్లలు దొండాకూ బొగ్గూ కలిపి రుద్దేవాళ్లు. ప్లాస్టిక్ పలకలు, నోటు పుస్తకాలు వచ్చాక రాతి పలకకు గిరాకీ పడిపోయింది. ఇళ్ల గోడలకు, నేలకు వేసే పలకల వైపు, ఎగుమతుల వైపు పరిశ్రమ తిరిగింది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పలకరాతి దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి, అలా పాడైన ఊపిరితిత్తి మళ్లీ బాగుపడదు. కోత దగ్గర నీళ్లు చిమ్మడం, మంచి మాస్కు కట్టడం ఖర్చులా కనిపించినా మానకూడదు.

అక్షరాభ్యాసం రోజు మాత్రం ఇవాళ్టికీ పలకా బలపమే కొంటారు. సెల్‌ఫోన్‌లో అక్షరాలు నేర్చుకునే పిల్లకైనా తొలి 'ఓం నమఃశివాయ' దిద్దించేది పలక మీదే.

కుండలో చిల్లగింజ

తొలి వానలకు వాగునీళ్లు, చెరువునీళ్లు ఎర్రగా బురదై వస్తాయి. ఫిల్టర్లు లేని కాలంలో తాగేదెలా? నల్లమలలో చిల్లచెట్టు ఉంది. దాని గింజను గరుకైన కుండ లోపలి అంచుకు కాసేపు అరగదీసి నీళ్లు పోస్తే, కొన్ని గంటల్లో బురద అడుక్కు దిగి పైన నీళ్లు తేటపడతాయి. గింజలో ఉండే పిండి, మాంసకృత్తుల లాంటి పదార్థాలు నీళ్లలో తేలే సన్నని మట్టిరేణువుల్ని ఒకదానికొకటి అంటించి బరువెక్కిస్తాయి. పట్నాల నీటిశుద్ధి కేంద్రాల్లో పటిక చేసే పని కూడా ఇదే. కాకపోతే తేటగా ఉన్నంత మాత్రాన అన్ని క్రిములూ పోయినట్టు కాదు, కాచి తాగాల్సిందే. ఆ గింజలు అడవి నుంచి నల్లమల ఆదివాసులైన చెంచులు తెచ్చేవాళ్లు. చెంచుల దగ్గర కుంకుళ్లు, చింతపండు, ఉసిరి, కరక్కాయ, తేనె కొనే గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది. జీసీసీ అంటే అందరికీ తెలుసు.

అడవికి సెలవులు

నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం మన దేశంలో విస్తీర్ణంలో అతి పెద్దది. మూడు వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. దోర్నాల దాటితే అందులోకి అడుగుపెట్టినట్టే. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. ఆ తొమ్మిది గంటలు రోడ్డు అడవిదే.

జూలై నుంచి సెప్టెంబరు దాకా పులులు జతకట్టే కాలమని లోపలికి పోయే సందర్శనలను అటవీశాఖ ఆపేస్తుంది. అడవి లోపలున్న ఇష్టకామేశ్వరి అమ్మవారి గుడికి జీపులు ఆగిపోయేది అప్పుడే. ఆ అమ్మవారి నుదుట బొట్టు పెడితే వేలికి మనిషి నుదురు తగిలినంత మెత్తగా ఉంటుందని భక్తులు చెప్పుకుంటారు. మూడు నెలలు ఆ బొట్టు కోసం ఎదురు చూడడం కూడా భక్తే అనుకోవచ్చు.

పులి జాడ కనిపెట్టడంలో, బేస్ క్యాంపుల్లో కాపలా ఉండడంలో అటవీశాఖకు కళ్లూ కాళ్లూ చెంచు యువకులే. పాదముద్ర చూసి అది ఎంతసేపటి కిందటిదో, ఎటు పోయిందో చెప్పగలిగే చదువు ఏ కాలేజీలోనూ లేదు.

రైలెక్కిన నీలం సాలీడు

1899లో ఇంగ్లండు శాస్త్రవేత్త పోకాక్ ఒక సాలీడును ప్రపంచానికి పరిచయం చేశాడు. ఒళ్లంతా మెరిసే నీలం, కాళ్ల మీద పసుపు మచ్చలు. దొరికింది అనంతపురం వైపు గుత్తి రైల్వే కలప యార్డులో. అందుకే ఇంగ్లీషులో దానికి గుత్తి పేరే స్థిరపడింది. ఆ తర్వాత వందేళ్ల పాటు దాన్ని మళ్లీ చూసినవాళ్లు లేరు. గుత్తి చుట్టుపక్కల ఎంత వెతికినా దొరకలేదు.

2001లో దొరికింది. ఎక్కడో తెలుసా? గుత్తికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, నంద్యాల-గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో. అప్పుడు విషయం అర్థమైంది. ఈ అడవి గుండా పోయే రైలు మార్గంలో కలప మోసుకెళ్లిన బండ్లలో, ఏ దుంగ తొర్రలోనో దాక్కుని ఆ తొలి సాలీడు గుత్తి చేరి ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద అది బతుకుతున్నది ప్రధానంగా ఈ చిన్న అడవి ముక్కలోనే. ముదురు చెట్ల తొర్రల్లో కాపురం. పాత చెట్టు కొట్టేస్తే దాని ఇల్లు పోయినట్టే. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని తీవ్ర ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో పెట్టింది. పెంచుకునే సరదాతో విదేశాల్లో దీన్ని కొనేవాళ్లున్నారు కాబట్టి దొంగతనంగా పట్టుకుపోయే బెడద కూడా ఉంది. గిద్దలూరు, దిగువమెట్ట, చెలమ బడుల గోడల మీద పులి బొమ్మ పక్కన ఈ నీలం సాలీడు బొమ్మ కూడా ఉండాలని నా కోరిక. పులి చాలా రాష్ట్రాల్లో ఉంది. ఇదైతే ప్రధానంగా ఇక్కడే.

ఆ పాత రైలు మార్గం గుర్తు ఇంకొకటి దొరబావి వంతెన. బ్రిటిష్ కాలంలో లోయ మీద కట్టిన ఎత్తైన వంతెన. మీటర్ గేజి పోయి బ్రాడ్ గేజి వచ్చాక రైళ్లు వేరే దారి పట్టాయి. స్తంభాలు అడవిలో అలాగే నిలబడి ఉన్నాయి.

వెయ్యి అడుగుల కట్ట, వెయ్యి చదరపు కిలోమీటర్ల నీళ్లు

నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ కొండల్లోంచి బయటపడే ఇరుకు సందులో ఒక కట్ట వేస్తే ఏమవుతుంది? కంభం చెరువు అవుతుంది. కట్ట పొడుగు సుమారు వెయ్యి అడుగులే, ఎత్తు 57 అడుగులు. ఆ కట్ట వెనక చేరే నీళ్లు మాత్రం 430 చదరపు మైళ్ల నేల మీద, అంటే సుమారు 1,100 చదరపు కిలోమీటర్ల మీద కురిసిన వాన. ఆయకట్టు 10,300 ఎకరాలు. ఇంత చిన్న కట్టతో ఇంత పెద్ద చెరువు రావడానికి కారణం చోటును ఎంచుకోవడంలో ఉంది. రెండు వైపులా కొండలే గోడలు. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ దీన్ని కట్టించిందని ఇక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. 2020లో అంతర్జాతీయ సాగునీటి, మురుగునీటి పారుదల కమిషన్ దీన్ని వారసత్వ సాగునీటి కట్టడాల్లో చేర్చింది. అదే ఏడాది కడప వైపు పోరుమామిళ్ల చెరువుకూ, కర్నూలు-కడప కాలువకూ ఆ గౌరవం దక్కింది.

చెరువు నిండడం ఏటా జరిగే పని కాదు. పడమటి వానల్ని నల్లమల చాలామటుకు అవతలే ఆపేస్తుంది. అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పడితేనే ఎక్కువగా ఇక్కడ వాగులు పొంగేది. అందుకే అలుగు పారిన ఏడు కంభం చుట్టుపక్కల ఊళ్లకు అది తిరునాళ్లే. ఆటోల్లో పిల్లాజెల్లా వస్తారు. పెళ్లయి పక్క ఊళ్లకు పోయిన ఆడపిల్లకు ఫోన్ చేసి, "అమ్మా, చెరువు అలుగు పోతాంది, పిల్లోళ్లను తీసుకుని రా" అని పిలిచే నాయనలున్నారు.

ఇంకో ముచ్చట. కంభం పక్కనే ఉన్న బేస్తవారిపేట మండలంలో మోక్షగుండం అనే ఊరుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇంటిపేరు ఈ ఊరిదే. ఆయన పూర్వీకులు తరాల కిందట ఇక్కణ్నుంచి మైసూరు దేశానికి తరలిపోయారు. కావేరి మీద కృష్ణరాజసాగర్ కట్టించినవాడు, 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదుకు వరద రక్షణ చెప్పినవాడు, 1955లో భారతరత్న అందుకున్నవాడు. ఏటా సెప్టెంబరు 15న దేశమంతా ఇంజనీర్ల దినోత్సవం జరుపుతుంది. ఆ రోజు కంభం కట్ట మీద ఒక పాఠం చెబితే పిల్లలకు రెండు కాలాల నీటి తెలివి ఒక్కచోటే కనిపిస్తుంది.

మేకలు ముట్టని చెట్టు

దసరా వచ్చిందంటే రోడ్డు పక్కన గంపల్లో సీతాఫలాలు. కన్ను విచ్చిన కాయను మాత్రమే కోయాలి, పచ్చికన్ను కాయ మాగదు, రాయై పోతుంది. ఎన్ని మేకలు తిరిగే కొండల్లోనైనా ఈ చెట్టు బతికి ఉండడానికి కారణం దాని ఆకు చేదు. మేక ముట్టదు. పేలకు మందని గింజల పొడి తలకు పెడతారు కొందరు. అది కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లల తలకు ఎంతమాత్రం పెట్టవద్దు.

కార్తీక వెన్నెల

కనిగిరి వైపు సీఎస్ పురం మండలంలో భైరవకోన. ఒకే కొండను తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలు, పల్లవుల నాటి శిల్పం, ఎదురుగా జలపాతం. కార్తీక పౌర్ణమి రాత్రి చంద్రకిరణాలు అక్కడి దుర్గాదేవి మీద పడతాయని చూడ్డానికి జనం వస్తారు. వాయుగుండాల వానలు బాగా పడ్డ ఏడాది జలపాతం కూడా తోడుంటుంది.

కందికాయల కాలం

డిసెంబరు, జనవరి అంటే ఉడకబెట్టిన కందికాయలు. సాయంత్రం పొయ్యి చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుని ఒలుచుకు తినడం. కంది ఈ నేలకు సరిగ్గా సరిపోయిన పైరు. వేరు లోతుకు పోతుంది కాబట్టి వాన మధ్యలో ముఖం చాటేసినా నిలబడుతుంది. గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో దాచి నేలకిస్తుంది, రాల్చిన ఆకు ఎరువవుతుంది. గింజ పప్పుకు, పొట్టు పశువుకు, కట్టె పొయ్యికీ దడికీ. పారేయడానికి ఏమీ మిగలదు.

ఉన్ని లేని గొర్రె

చలికాలంలో కాపరి కప్పుకునే నల్ల గొంగడి ఇక్కడి గొర్రెల ఉన్నితో నేసింది కాదు. ప్రకాశం, నెల్లూరు మెట్టల్లో తిరిగే నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని ఉండదు, మేకకు మల్లే పొట్టి వెంట్రుకే. పల్ల, జోడిపి, డోర అని మూడు రకాలు. తెల్లనిది పల్ల, తెలుపు మీద ముఖాన నల్లమచ్చలున్నది జోడిపి, గోధుమరంగుది డోర. ఉన్ని ఇచ్చేది పడమటి దక్కన్ గొర్రె. ఎండకు తట్టుకోవడానికి ఉన్ని లేకపోవడమే మేలు.

చేలు కోసేశాక రైతులు మందలను పిలిపించి పొలంలో రాత్రిళ్లు పడుకోబెట్టిస్తారు. మంద కట్టడం అంటే ఇదే. పెంటకు పెంట, మూత్రానికి మూత్రం, కాపరికి గింజలో డబ్బో. ఎండలు ముదిరి మెట్టలు ఎండితే మందలు నల్లమల వైపు నడుస్తాయి. కుటుంబంలో కొందరు ఊళ్లో, కొందరు మంద వెంట.

మేత వెంట ఇల్లు కదిలించే బతుకు ప్రపంచమంతా ఉంది. రష్యా ఉత్తరపు అంచున ఆర్కిటిక్ సముద్రం ఒడ్డున, యమాల్ ద్వీపకల్పంలో నెనెత్స్ ప్రజలు రెయిన్‌డీర్ మందల వెంట ఏడాదికి వందల కిలోమీటర్లు నడుస్తారు. ఇంటిని, అంటే రెయిన్‌డీర్ తోళ్లు కప్పిన గుడారాన్ని, విప్పి స్లెడ్జి బండి మీద కట్టి, కొత్తచోట మళ్లీ నిలబెట్టేది అక్కడి ఆడవాళ్లే. ఆ యమాల్ గడ్డినేలల్లో వేసవిలో గుడ్లు పొదిగే పక్షుల్లో లిటిల్ స్టింట్ అని ఒకటుంది. పిచ్చుకంత ప్రాణం, మామూలుగా ముప్పై గ్రాములు దాటని బరువు. చలి మొదలయ్యేసరికి బయల్దేరి వేల కిలోమీటర్లు ఎగిరి మన దేశపు చెరువుల అంచు బురదల్లో చలికాలం గడుపుతుంది. మార్చి, ఏప్రిల్‌లో మన చెరువులు ఇంకే వేళకు తిరిగి వెళ్లిపోతుంది. ఈసారి చెరువు నీళ్లు వెనక్కు తగ్గిన బురదలో గబగబా పొడుచుకు తింటూ పరుగులు తీసే చిన్న బూడిదరంగు పిట్టల గుంపు కనపడితే ఆగి చూడండి.

మిరపకోతకు పోయిన ఊరు

సంక్రాంతి అయిన మర్నాటి నుంచి కొన్ని పల్లెల్లో తలుపులకు తాళాలు పడతాయి. గుంటూరు, పల్నాడు వైపు మిరపకోతలకు కుటుంబాలు తరలిపోతాయి. మేస్త్రీ మాట్లాడిన లారీలోనో ట్రాక్టరులోనో గిన్నెలు, బియ్యం, పరుపులు, చంటిపిల్లలు. తిరిగి వచ్చేది ఎండలు ముదిరాకే. ఊళ్లో మిగిలేది జేజి, అబ్బ, బడికి పోయే మనవడు. వలసపోయే వాళ్ల పిల్లలు బడి మానకుండా ఉండేందుకు సీజనల్ హాస్టళ్లు నడపడం సర్వశిక్షా అభియాన్ కాలం నుంచి ఉంది. అవి సంక్రాంతికి ముందే తెరవాలి. తల్లిదండ్రులు లారీ ఎక్కాక తెరిస్తే పిల్ల కూడా ఆ లారీలోనే ఉంటుంది.

బావమరిది చేతిలో తాడు

ఫిబ్రవరి, మార్చిలో నల్లమల ఆకు రాలుస్తుంది. మోదుగు మాత్రం ఆకులన్నీ పోయాక ఒళ్లంతా ఎర్రగా పూస్తుంది. ఆకులేని ఆ అడవిలో దూరం నుంచే కనిపించే ఇంకో చెట్టు తపసి. తెల్లని కాగితంలాంటి బెరడు, వెన్నెల్లో మెరుస్తుంది. దాని మాను మీద గాటు పెడితే ఎండ తీవ్రతకు బంక ఊరుతుంది. తపసి బంక విదేశాలకు పోతుంది. కట్టుడు పళ్లు అంటించే పొడుల్లో, ఐస్‌క్రీముల్లో, మందుల్లో వాడతారు. గాటు లోతు ఎక్కువైతే చెట్టు చచ్చిపోతుంది. ఎంతవరకు కొట్టాలో చెంచు చేతికి తెలుసు.

మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి. ఎలుగుబంటికి అవంటే ప్రాణం. అందుకే ఏరడానికి గుంపుగా, మాట్లాడుకుంటూ పోతారు.

ఎండాకాలంలో కొండతేనె. పెద్ద తేనెటీగలు మనిషి ఎక్కలేని రాతిగోడల కింద పట్లు పెడతాయి. చీకటి పడ్డాక, పొగ పెట్టి, కొండ పైనుంచి తాడు జారవిడిచి ఒక మనిషి దిగుతాడు. పైన తాడు పట్టేది ఎవరు? అన్నదమ్ములు కాదు, భార్య సోదరుడు. చెల్లెలి బతుకు ఆ తాడుకే వేలాడుతోందని తెలిసిన బావమరిది చెయ్యి వదలడని చెంచుల నమ్మకం. బంధుత్వానికి ఇంత బరువైన పరీక్ష పెట్టిన మరో ఆచారం నాకు తెలియదు. 1943లో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 'ది చెంచూస్' అని పెద్ద పుస్తకమే వేశాడు. కృష్ణకు ఆవలి ఒడ్డున, హైదరాబాదు సంస్థానపు చెంచుల మధ్య ఉండి రాసిన పుస్తకం అది. ఈవలి ఒడ్డున పాలుట్ల లాంటి గూడేల నుంచి అంతటి పుస్తకం రావలసి ఉంది. అది చెంచు బిడ్డే రాస్తే ఇంకా మంచిది.

చింతపండూ ఫ్లోరైడూ

మార్చిలో ఏ అరుగు మీద చూసినా చింతపండు కొట్టే పనే. ఆడవాళ్లు బోదె తీసి, పిక్క తీసి ముద్దలు చేస్తుంటే పిల్లలు పిక్కలు ఏరుకుని వామనగుంటలు ఆడతారు. ఈ చింతపండుకు ఇక్కడ ఇంకో విలువ కూడా ఉంది. కనిగిరి, మార్కాపురం ప్రాంతాల బోరునీళ్లలో ఫ్లోరైడు పాత శాపం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్ల మీద గోధుమ చారలు, తర్వాత కీళ్లు బిగుసుకుపోవడం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బడిపిల్లలకు భోజనంలో రోజూ చింతపండు ఇచ్చి చూసి, మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడు పెరిగిందని 2002లో ప్రకటించారు. దీంతో జబ్బు నయమవుతుందని కాదు. మంచినీళ్లకు బదులు లేదు. ఇంకో సంగతి, కాచితే ఫ్లోరైడు పోదు. నీళ్లు ఆవిరై తగ్గే కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది.

కొండ కింద పద్దెనిమిది కిలోమీటర్లు

ఆ మంచినీళ్ల కోసమే వెలిగొండ. పూర్తి పేరు పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. శంకుస్థాపన 1996లో. శ్రీశైలం జలాశయం ఒడ్డున కొల్లంవాగు దగ్గర మొదలై నల్లమల కింద దాదాపు 18.8 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు. ఒకదాని వ్యాసం 7 మీటర్లు, రెండోదానిది 9.2 మీటర్లు. పైన కొండలు, పులుల అడవి కాబట్టి కాలువ తవ్వే వీల్లేదు, లోపలే తొలుచుకుంటూ రావలసి వచ్చింది. కృష్ణ వరద రోజుల్లో 43.5 టీఎంసీలు మళ్లించాలని లెక్క. ఆ నీళ్లు నిలిచేది సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య ఖాళీలకు కట్టలు వేసి చేసిన నల్లమల సాగర్‌లో, 53.85 టీఎంసీల సామర్థ్యంతో. కంభం చెరువుకు ఎంచుకున్నట్టే ఇక్కడా కొండలనే గోడలుగా వాడుకున్నారు. ప్రకాశం, నెల్లూరు, కడప ప్రాంతాల్లో 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15 లక్షల మందికి తాగునీరు లక్ష్యం.

నల్లమల సాగర్ ముంపులో సుంకేసుల, కలనూతల, గుండంచర్ల లాంటి పదకొండు ఊళ్లున్నాయి. నీళ్లు వచ్చే కాలువ కింద పొలం ఉన్నవాళ్లు వేరు, ఆ నీళ్లకు ఇల్లు వదిలేవాళ్లు వేరు. వాళ్ల పునరావాసం ఏళ్ల తరబడి నలుగుతూ వచ్చింది. టీఎంసీల లెక్కతో పాటు ఆ పదకొండు ఊళ్ల లెక్క కూడా చివరి రూపాయి దాకా తీరాలి, గేట్లు ఎత్తేలోపే తీరాలి.